మోకీళ్ల ఆపరేషన్ తర్వాత బిగుతు, నొప్పి: మొదటి ఆరు వారాలే కీలకం

హంసలదీవి: దివిసీమ నుంచి మోకీళ్ల ఆపరేషన్‌కి చాలామంది విజయవాడ వెళ్తారు. కొద్ది రోజుల్లో డిశ్చార్జ్ చేసి పంపేస్తారు. అసలు పని ఆ తర్వాతే మొదలవుతుంది. కొత్త మోకాలు ఎంత వంగుతుందన్నది చాలావరకు ఇంట్లో గడిచే మొదటి ఆరు వారాల్లోనే తేలుతుంది. కోడూరు మండలం చివర, కృష్ణ సముద్రంలో కలిసే చోట ఉన్న హంసలదీవి లాంటి ఊళ్ల నుంచి ఫిజియోథెరపీకి రోజూ అవనిగడ్డకో, మచిలీపట్నానికో వెళ్లిరావడం అందరికీ కుదరదు. అందుకే ఇంట్లోవాళ్లు ఈ విషయాలు తెలుసుకోవాలి.

బిగుతు ఎందుకు వస్తుంది?

జనం ‘చిప్పల మార్పిడి’ అంటారు గానీ, మార్చేది చిప్ప ఒక్కటే కాదు. అరిగిపోయిన తొడ ఎముక, కాలి ఎముక చివర్లను చెక్కి లోహపు తొడుగులు వేస్తారు. మధ్యలో గట్టి ప్లాస్టిక్ పలక ఉంటుంది. ఇంత కోత పడ్డాక వాపు సహజం. లోపలి గాయం మానేటప్పుడు మచ్చ కణజాలం పెరుగుతుంది. కాలు కదపకపోతే అది గట్టిపడి కీలును పట్టేస్తుంది. నొప్పికి భయపడి కదపకపోవడం, కదపకపోవడం వల్ల ఇంకా బిగుసుకోవడం... ఇలా ఒకదాన్నొకటి పెంచుకుంటూ పోతాయి. ఆపరేషన్‌కి ముందే కాలు సరిగా వంగనివారికి, షుగర్ ఉన్నవారికి బిగుతు ఎక్కువగా రావచ్చు.

ఎంత వంగితే చాలు?

కాలు పూర్తిగా చాపితే సున్నా డిగ్రీలు. కుర్చీలో పాదం నేలకు ఆనించి కూర్చుంటే సుమారు 90. మామూలు నడకకు సుమారు 70, మెట్లకు 90 నుంచి 100 కావాలి. రెండు వారాలకు 90 దగ్గరికి, ఆరు వారాలకు 110 దగ్గరికి రావడం మంచి లక్ష్యం. చాలామందికి చివరికి 110 నుంచి 125 వరకు వస్తుంది. వంగడంతో పాటు కాలు పూర్తిగా చాపుకోగలగడమూ అంతే ముఖ్యం. లేకపోతే నడకలో కుంటు మిగిలిపోతుంది.

కింద కూర్చోవడానికి ‘హై ఫ్లెక్స్’ రకం వేయించుకోమని కొందరు సలహా ఇస్తారు. వంగడంలో దానికీ, మామూలు రకానికీ చెప్పుకోదగ్గ తేడా పరిశోధనల్లో కనిపించలేదు. 2017 ఆగస్టులో కేంద్రం ధరలకు పరిమితి పెట్టినప్పుడు మామూలు కోబాల్ట్ క్రోమియం రకానికి 54,720 రూపాయలు, హై ఫ్లెక్స్‌కి 56,490 రూపాయలుగా నిర్ణయించింది (జీఎస్టీ అదనం).

ఇంట్లో ఏం చేయాలి?

- మేలుకుని ఉన్నప్పుడు గంటకోసారి పాదాలను పైకీ కిందికీ ఆడించాలి. రక్తం గడ్డకట్టే ప్రమాదం తగ్గుతుంది.
- మడమ కింద చుట్టిన టవల్ పెట్టి, మోకాలిని మంచం వైపు నొక్కి ఐదు సెకన్లు ఉంచాలి. పది సార్లు.
- పడుకుని మడమను పిరుదు వైపు జరుపుతూ కాలు వంచాలి. కుర్చీలో కూర్చుని, బాగున్న కాలితో ఆపరేషన్ కాలిని మెల్లగా వెనక్కి నెట్టాలి.
- వీటిని రోజుకు మూడు, నాలుగు సార్లు చేయాలి. డాక్టర్ రాసిన నొప్పి మాత్ర అరగంట ముందు వేసుకుంటే సులువవుతుంది.
- తర్వాత బట్టలో చుట్టిన ఐస్ 15 నుంచి 20 నిమిషాలు పెట్టాలి.
- మోకాలి కింద దిండు పెట్టి పడుకోవద్దు. హాయిగా ఉంటుంది గానీ కాలు వంగినట్టే బిగుసుకుంటుంది.

లుంగిపోయిన నవారు మంచం కన్నా చేతులున్న గట్టి కుర్చీ మేలు. కింద కూర్చునే మరుగుదొడ్డి అయితే కమోడ్ కుర్చీ తెచ్చుకోవాలి. గాయం పూర్తిగా మానకముందే నూనె మర్దన, ఆకుల కట్టు వేయొద్దు. ఇన్‌ఫెక్షన్ చేరితే మళ్లీ ఆపరేషన్ చేయాల్సి రావచ్చు. కిడ్నీ జబ్బు, బీపీ ఉన్నవారు మెడికల్ షాపులో అడిగి నొప్పి మాత్రలు తెచ్చుకుని వాడకూడదు.

నమాజ్ సంగతి

అత్తహియ్యాత్‌లో కూర్చోవాలంటే మోకాలు 140 డిగ్రీలకు పైగా వంగాలి. కొత్త మోకాలితో చాలామందికి అది రాదు. ఆపరేషన్ ఫెయిలైందని దానర్థం కాదు. జబ్బుపడినవారు కూర్చుని నమాజ్ చదువుకునే వెసులుబాటు దీన్‌లో ఉంది. కుర్చీలో చదివేవారు రుకూకి కొంచెం, సజ్దాకి ఇంకాస్త ఎక్కువ వంగుతారు. మిగతా మసాయిల్ మౌలానాని అడగొచ్చు. మోకాళ్ల మీద ఆనడం మొదలుపెట్టే ముందు సర్జన్‌ని అడగాలి. వుజూ కూర్చునే చేయాలి, తడి నేల మీద జారితే చాలా ప్రమాదం. రంజాన్ వస్తే రక్తం పలుచబడే మాత్రలు, షుగర్ మాత్రలు సొంతంగా మానొద్దు. రోజా విషయం డాక్టర్‌తో మాట్లాడాకే నిర్ణయించుకోవాలి. తర్వాత ఖజా చేసుకునే వీలుంది.

ఏది మామూలు, ఏది ప్రమాదం?

మూడు నుంచి ఆరు నెలల దాకా కొద్దిగా వాపు, వేడి ఉండొచ్చు. గాటు పక్కన తిమ్మిరి, నడిచేటప్పుడు ‘టక్’మనే శబ్దం కూడా మామూలే. మెరుగుదల ఏడాది వరకు సాగుతుంది. అయితే సుమారు ఐదుగురిలో ఒకరికి ఎంతోకొంత నొప్పి మిగులుతుంది. తగ్గకపోతే కారణం వెతికించాలి, ‘వయసు’ అని వదిలేయకూడదు.

గాయం నుంచి చీము, రసి కారినా, జ్వరం వచ్చినా, ఉన్నట్టుండి కాలు ఎత్తలేకపోయినా, పిక్కలో నొప్పితో వాపు వచ్చినా అదే రోజు డాక్టర్‌కి చూపించాలి. ఆయాసం, ఛాతీ నొప్పి వస్తే వెంటనే 108కి ఫోన్ చేయాలి.

ఆరు వారాలు దాటినా 90 డిగ్రీలు రాకపోతే ఆలస్యం చేయొద్దు. మత్తు ఇచ్చి మోకాలిని వంచే పద్ధతి ఉంది. మొదటి మూడు నెలల్లో చేస్తేనే దాని ఫలితం బాగుంటుంది. ‘నెమ్మదిగా అదే వంగుతుందిలే’ అని ఏడాది ఆగితే ఆ అవకాశం పోతుంది. వారానికోసారి కాలు వంచినప్పుడు పక్కనుంచి ఒక ఫొటో తీసి ఫోన్‌లో దాచుకుంటే మంచిది. ఎంత ముందుకొచ్చిందో ఇంట్లోవాళ్లకి అర్థమవుతుంది, ప్రయాణం కష్టమైన వారం డాక్టర్‌కి పంపి చూపించడానికీ పనికొస్తుంది.