‘యూజర్’ అంటే మనిషి కాదు, వాడకం

ఫోన్లో, బ్యాంకు యాప్‌లో ‘యూజర్’ అంటే వాడే మనిషి. ఇంటి దావాల్లో, వకీలు నోటీసుల్లో మాత్రం ‘యూజర్’ అంటే వాడకం. ‘నాన్ యూజర్’ అంటే వాడకపోవడం. ‘చేంజ్ ఆఫ్ యూజర్’ అంటే వాడకం మార్చడం, అంటే కాపురానికి ఇచ్చిన ఖోలీని గోదాము చేయడం లాంటిది. కామాటిపుర చాళ్లలో తరాలుగా కిరాయికి ఉంటున్న మనవాళ్లు ఈ తేడా తెలుసుకోవాలి.

పుట్టుక: 1066లో నార్మన్లు ఇంగ్లండును గెలిచిన తర్వాత అక్కడి కోర్టుల్లో చాలాకాలం ఫ్రెంచి నడిచింది. అందులో ‘యూజర్’ అంటే ‘వాడటం’. ఇంగ్లీషు వకీళ్లు దాన్నే నామవాచకంగా తీసుకున్నారు. ‘డిన్నర్’ కూడా అలా ఫ్రెంచి నుంచి వచ్చిందే. దానర్థం తినేవాడు కాదు, భోజనం. మనిషిని చెప్పే ‘యూజర్’ వేరు. అది ఇంగ్లీషులోనే ‘యూజ్’కు ‘అర్’ చేరి ఏర్పడింది.

వాడుక: మహారాష్ట్ర కిరాయి నియంత్రణ చట్టం, 1999లో 16(1)(ఎన్) సెక్షన్ ఉంది. దావా వేసిన రోజుకు ముందు వరుసగా ఆరు నెలలు, సరైన కారణం లేకుండా, ఖోలీని ఏ పనికి ఇచ్చారో ఆ పనికి వాడకపోతే, ఖాళీ చేయించమని యజమాని కోర్టును అడగవచ్చు. 1947 నాటి బొంబాయి చట్టంలోనూ ఇలాంటి నిబంధనే ఉండేది. వకీళ్లు దీన్నే ‘నాన్ యూజర్’ అంటారు.

మన ఇళ్లలో చిక్కు ఇక్కడే వస్తుంది. పిల్లలు దూరపు ఫ్లాట్లకు మారతారు, పెద్దలు ఖోలీకి తాళం వేసి ఊరికి పోతారు. ‘నెలనెలా కిరాయి కడుతున్నాం కదా’ అనుకుంటాం. కానీ కిరాయి రసీదు కిరాయి కట్టినట్టు చూపుతుంది, అక్కడ కాపురం ఉన్నట్టు కాదు. లైట్ బిల్లులో యూనిట్లు, గ్యాస్ పుస్తకం వంటివి వాడకాన్ని చూపుతాయి. వైద్యం కోసం వెళ్లి ఉంటే ఆసుపత్రి కాగితాలు, ప్రయాణ టికెట్లు దాచుకోవాలి. ఆ కారణం సరైనదా కాదా అన్నది కోర్టు తేలుస్తుంది.

పునర్నిర్మాణం మాట నడుస్తున్న ఈ గల్లీల్లో కిరాయి హక్కే రేపటి ఇంటికి ఆధారం. నోటీసులో ‘నాన్ యూజర్’ కనిపిస్తే, మనం వాడే మనుషులం కామని కాదు, ఖోలీ వాడకంలో లేదని ఆరోపణ. దాన్ని పక్కన పడేయకుండా వెంటనే వకీలుకు చూపించాలి.