విదేశాల్లో సేకరణ కత్తుల కొనుగోలు, వాటికి వర్తించే చట్టాలు

విదేశాలకు వెళ్లినవారు అక్కడి పనితనానికి గుర్తుగా కత్తి కొని తెచ్చుకోవడం ఎప్పటినుంచో ఉన్నదే. జర్మనీలో సోలింగెన్, జపాన్‌లో సకాయ్, సెకీ, స్పెయిన్‌లో టొలెడో, ఫ్రాన్స్‌లో తియేర్ కత్తులకే పేరుబడ్డ ఊళ్లు. ప్రకాశం జిల్లా సింగరాయకొండ, కందుకూరు, ఒంగోలు వైపు నుంచి చదువులకో ఉద్యోగాలకో వెళ్లి సెలవుల్లో ఇంటికి వచ్చేవారికి ఇది చిన్న సరదాగానే కనిపిస్తుంది. కానీ ఒక దేశంలో రసీదు ఇచ్చి అమ్మిన కత్తి మరో దేశంలో జేబులో ఉంటే నేరం కావచ్చు. చట్టాలు చూసేది బ్లేడు పొడవు ఒక్కటే కాదు, ఆ కత్తి ఎందుకు తయారైంది, మనిషి దాన్ని ఎందుకు వెంట పెట్టుకున్నాడు అన్నదీ చూస్తాయి. వెంట ఎందుకు పెట్టుకున్నామన్న ప్రశ్నను పట్టించుకోనివారే ఎక్కువగా చిక్కుల్లో పడతారు.

తెలుగు నేలకు వచ్చిన కొనుగోలుదారులు

ఈ వ్యాపారంలో తెలుగు ప్రాంతం ఒకప్పుడు అమ్మే వైపున ఉండేది. నేటి నిజామాబాద్ జిల్లాలోని కోనసముద్రంలో తయారైన మూస ఉక్కు పర్షియా దాకా వెళ్లేది. లాంబ్టన్ నడిపిన భూకొలతల సర్వేలో పనిచేసిన భూగర్భ శాస్త్రవేత్త హెన్రీ వెస్లీ వాయిసీ 1820లో ఆ ఊరు చూసి రాసిన వివరణ, ఆయన చనిపోయిన తరవాత, 1832లో అచ్చయింది. రెండు చోట్ల తీసిన ఇనుములను మూడుకు రెండు పాళ్లలో కలిపి మూసల్లో కరిగించేవారని అందులో ఉంది. ఉక్కు కొనడానికి ఇస్ఫహాన్ నుంచి వచ్చిన హాజీ హుసేన్ అనే వర్తకుడు ఆయనకు అక్కడే కలిశాడు. మంచి కత్తికి కావలసిన లోహం కోసం పర్షియా నుంచి మనిషి తెలంగాణ పల్లెకు వచ్చి కూర్చున్నాడంటే ఆ కొలిముల ప్రతిష్ఠ ఎంతటిదో తెలుస్తుంది. కోనసముద్రం పేరు తెలుగువారికి టొలెడో పేరంత పరిచయం కావలసింది.

సేకరణ విషయంలో మనకు దగ్గరి ఉదాహరణ మూడో సాలార్‌జంగ్ మీర్ యూసుఫ్ అలీఖాన్ (1889–1949). దేశవిదేశాల నుంచి ఆయన కూడబెట్టిన వస్తువులతో 1951 డిసెంబరు 16న హైదరాబాదులో సాలార్‌జంగ్ మ్యూజియం మొదలైంది. జహంగీరు బాకు, నూర్జహాను పండ్లు కోసుకున్న కత్తి అక్కడ చూడవచ్చు. ఇప్పుడు ఇటువంటి పాత వస్తువులను దేశం దాటించడం కుదరదు. 1972 నాటి పురావస్తువుల, కళానిధుల చట్టం ప్రకారం వందేళ్లు దాటిన బాకు పురావస్తువు కిందికి వస్తుంది. ప్రైవేటు వ్యక్తులు దాన్ని ఎగుమతి చేయకూడదు. తాతల నాటి పిడిబాకును అమెరికాలో ఉన్న కొడుక్కి కానుకగా పంపాలనుకునే కుటుంబాలు ముందుగా తెలుసుకోవలసిన సంగతి ఇది.

భారతీయ చట్టంలో ఆయుధం, పనిముట్టు

1959 ఆయుధాల చట్టం పదునైన మారణాయుధాలను కూడా ఆయుధాలుగానే లెక్కిస్తుంది. కేవలం ఇంటి వాడకానికి, వ్యవసాయానికి చేసిన వస్తువులను మాత్రం ఆ నిర్వచనం నుంచి తప్పించింది. లాఠీ, మామూలు చేతికర్ర ఈ మినహాయింపుకు చట్టమే ఇచ్చిన ఉదాహరణలు. నిబంధనల్లోని ఐదో వర్గంలో కత్తులు, బాకులు, బల్లేలతో పాటు, 9 అంగుళాల కంటే పొడవైన లేదా 2 అంగుళాల కంటే వెడల్పైన బ్లేడున్న చాకులు చేరాయి. కిర్పాన్, కుక్రీల పేర్లు అక్కడ విడిగా ఉన్నాయి. ఇంటికి, సేద్యానికి, శాస్త్రీయ, పారిశ్రామిక అవసరాలకు రూపొందినవి ఇక్కడా మినహాయింపే.

ఆయుధానికి, పనిముట్టుకు ఉన్న ఈ తేడాను సింగరాయకొండ పరిసర పల్లెల్లో కళ్లారా చూడవచ్చు. కమ్మరి పాత లారీ కమాను పట్టాను కొలిమిలో ఎర్రగా కాల్చి, దాగలి మీద సాగగొట్టి, అంచును నీళ్లలో ముంచి గట్టిపరుస్తాడు. అలా చేసిన కత్తి సరుగుడు కొమ్మలు నరకడానికో, తాటిగెల దించడానికో పోతుంది. గీత కార్మికుడి నడుముకు వేలాడే కత్తి వెడల్పు చూసి ఎవరూ దాన్ని ఆయుధమనరు. పని కోసమే పుట్టిన ఆ వస్తువు చట్టం దృష్టిలో పనిముట్టు. దానికంటే చిన్నదైనా, రెండు వైపులా పదునుండి పొడవడానికే రూపొందించిన విదేశీ బాకుకు ఆ రక్షణ దొరకదు.

ఐదో వర్గపు ఆయుధాలు దగ్గర ఉంచుకోవడానికి కేంద్రం నాలుగో సెక్షన్ కింద నోటిఫై చేసిన ప్రాంతాల్లో లైసెన్సు కావాలి. బయటి నుంచి ఆయుధం తేవడానికి పదో సెక్షన్ లైసెన్సు అడుగుతుంది. దాన్ని ఉంచుకునే హక్కున్న వ్యక్తి సొంత వాడకానికి సమంజసమైన పరిమాణంలో తెచ్చుకుంటే ఆ సెక్షనే మినహాయిస్తుంది. ఢిల్లీలో దిగేవారు మరికాస్త జాగ్రత్త పడాలి. బటన్ నొక్కితే తెరుచుకునే చాకులు, బ్లేడు పొడవు 7.62 సెంటీమీటర్లు, వెడల్పు 1.72 సెంటీమీటర్లు లేదా ఆపైన ఉంటే, ఢిల్లీకి వర్తించే 1980 నాటి నోటిఫికేషన్ కిందికి వస్తాయి.

ఇతర దేశాల తీరు

బ్రిటన్‌లో 1988 క్రిమినల్ జస్టిస్ చట్టం ప్రకారం సరైన కారణం లేకుండా బహిరంగ స్థలంలో వెంట ఉంచుకోదగింది 3 అంగుళాలకు మించని మడతకత్తి మాత్రమే. మడత తెరిచాక తాళం పడి బిగుసుకునే కత్తికి ఆ వెసులుబాటు కూడా లేదు. స్ప్రింగు కత్తుల అమ్మకం అక్కడ 1959 నుంచే నిషిద్ధం. 2021 జులై నుంచి ఇంట్లో ఉంచుకోవడమూ నేరమే. జాంబీ సినిమాల తరహా పెద్ద కత్తులు 2024 సెప్టెంబరులో నిషేధంలో చేరాయి.

జపాన్‌లో వంటకత్తి కొనడం తేలిక. టోక్యో కప్పాబాషి వీధి దుకాణాల్లో కత్తి మీద కొన్నవారి పేరు చెక్కి ఇస్తారు. సరైన కారణం లేకుండా 6 సెంటీమీటర్లు దాటిన బ్లేడును వెంట తిప్పుకోవడం మాత్రం చట్టవిరుద్ధం. కొన్న కత్తిని డబ్బా విప్పకుండా నేరుగా బసకు తీసుకుపోవడమే మేలు. 2008 జూన్‌లో అకిహబారాలో ఏడుగురు చనిపోయిన దాడి తరవాత, 5.5 సెంటీమీటర్లు, ఆపైన ఉన్న రెండంచుల బాకులను 2009 నుంచి దగ్గర ఉంచుకోవడమే నిషేధించారు. సంప్రదాయ ఖడ్గాన్ని దేశం దాటించాలంటే అక్కడి సాంస్కృతిక వ్యవహారాల సంస్థ పత్రం తప్పనిసరి.

జర్మనీ 12 సెంటీమీటర్లు దాటిన స్థిరమైన బ్లేడును, ఒంటిచేత్తో తెరిచి బిగించే కత్తులను బహిరంగంగా మోయడంపై ఆంక్షలు పెట్టింది. 2024 ఆగస్టులో సోలింగెన్ ఉత్సవంలోనే కత్తిదాడి జరిగి ముగ్గురు చనిపోయారు. అదే ఏడాది అక్టోబరు నుంచి స్ప్రింగు కత్తులపై పట్టు ఇంకా బిగిసింది. అమెరికాలో రాష్ట్రానికో పద్ధతి. తెలుగువారు ఎక్కువగా ఉన్న టెక్సస్‌లో 2017 సెప్టెంబరు నుంచి పెద్దవారు ఐదున్నర అంగుళాలు దాటిన కత్తినీ మోయవచ్చు. బడులు, కోర్టులు, పోలింగ్ కేంద్రాల వంటి చోట్ల మాత్రం కూడదు.

పిడి సంగతి

కొనేవారి చూపు బ్లేడు మీదే ఉంటుంది కాబట్టి పిడి దగ్గర పొరపాటు జరుగుతుంది. దంతం, ఖడ్గమృగం కొమ్ము ఉన్న వస్తువులకు అంతరించే జీవుల వ్యాపారాన్ని నియంత్రించే సైటీస్ ఒప్పందం, మన 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం అడ్డొస్తాయి. గల్ఫ్ సంతల్లో పాత ఖంజర్, జాంబియా బాకులు బేరమాడేటప్పుడు పిడి దేనితో చేసిందో రసీదులో రాయించుకోవాలి. చెప్పలేని దుకాణదారు దగ్గర కొనకపోవడమే మంచిది.

విమానంలో

భారతీయ విమానాశ్రయాల్లో చేతిసంచిలో చాకు పనికిరాదు, చెక్-ఇన్ పెట్టెలోనే పెట్టాలి. ఐరోపాలో 6 సెంటీమీటర్ల లోపు బ్లేడును చేతిసంచిలో అనుమతిస్తారు. ఆ ధీమాతో స్విస్ జేబుకత్తిని అలాగే ఉంచుకుంటే దుబాయ్‌లోనో దోహాలోనో విమానం మారేటప్పుడు జరిగే తనిఖీలో పోవచ్చు. చిన్న కత్తి కదా అన్న వాదన మన దగ్గరా నిలవదు. 2018 అక్టోబరులో విశాఖ విమానాశ్రయంలో అప్పటి ప్రతిపక్ష నాయకుడు జగన్‌మోహన్‌రెడ్డిపై దాడి జరిగింది కోడికత్తితోనే. కత్తిని ఒరలో పెట్టి, మొనకు మందపాటి అట్ట చుట్టి పెట్టె మధ్యలో సర్దితే తనిఖీ చేసేవారి చేతికి గాయం కాదు. రసీదు, తయారీదారు వివరపత్రం వెంట ఉంచుకుంటే వంటకత్తి వంటకత్తేనని చూపించడం తేలిక.

ఇంటికి చేరాక

సింగరాయకొండ సముద్రానికి దగ్గర. ఉప్పుగాలికి జపాన్ కార్బన్ ఉక్కు త్వరగా తుప్పు పడుతుంది. తోలు ఒర తేమను పట్టి ఉంచుతుంది కాబట్టి కత్తిని అందులోనే వదిలేయకూడదు. పొడిగుడ్డతో తుడిచి, పల్చగా మిషన్ నూనె రాసి, నూనె కాగితంలో చుట్టి విడిగా ఉంచాలి. వంటకు వాడే కత్తికైతే మిషన్ నూనె బదులు వాసన లేని వంటనూనె చాలు.