వెనుక వచ్చిన కొమ్ములు

రెండు నల్లని చాక్లెట్ బిస్కత్తులు, వాటి నడుమ తెల్లని క్రీము. క్రీమని పేరేగాని అది పాలమీగడ కాదు. చక్కెర, కొవ్వు కలిపి చేసిన తీపి ముద్ద. దీనిని పిల్లవాని చేతికిస్తే ముందు పైబిళ్లను మెలిపెట్టి ఊడదీస్తాడు, క్రీమును నాకుతాడు, అటుపిమ్మటనే బిస్కత్తును కొరుకుతాడు. పేరేమని అడిగితే ‘ఓరియో’ అంటాడు. ఈ తరహా బిస్కత్తుకు మూలపురుషుడెవరని ప్రశ్నిస్తే పెద్దలు సైతం ఆ పేరే చెబుతారు. చరిత్ర చెప్పే సాక్ష్యం వేరు.

1898లో అమెరికాలోని పెక్కు బిస్కత్తు కార్ఖానాలు ఏకమై నేషనల్ బిస్కట్ కంపెనీగా ఏర్పడినవి. ఆ వ్యాపారంలో ఆరితేరిన జేకబ్ లూస్ అనే ఆయన 1902లో తన సోదరుడు జోసెఫ్‌తోను, జాన్ వైల్స్‌తోను కలిసి కాన్సస్ సిటీలో లూస్-వైల్స్ కంపెనీని స్థాపించినాడు. 1908లో ఆ సంస్థ ‘హైడ్రాక్స్’ అనే క్రీము బిస్కత్తును విడుదల చేసినది. హైడ్రోజన్, ఆక్సిజన్ అనే మాటలను జోడించి ఆ పేరు పెట్టినారు. తమ సరుకు నీటివలె నిర్మలమైనదని చాటుట వారి ఉద్దేశం. పాపం, ఆ పేరు వింటే తినుబండారం కన్న మందుల దుకాణమే ముందు స్ఫురిస్తుంది!

నాలుగేండ్ల తరువాత, 1912లో, నేషనల్ బిస్కట్ కంపెనీ న్యూయార్కు కార్ఖానా నుండి ఓరియోను తెచ్చినది. అదే రంగు, అదే అమరిక. పెద్ద సంస్థ అండ, విస్తారమైన ప్రచారం దానికి తోడైనవి. కాలక్రమాన ముందు పుట్టిన హైడ్రాక్స్‌నే జనులు అనుకరణ అనుకొన్నారు.

ఇక రుచి మాట. హైడ్రాక్స్ బిళ్ల ఎక్కువ కరకరలాడుతుందనీ, క్రీములో తీపి తక్కువనీ, పాలలో ముంచినా త్వరగా మెత్తబడదనీ దాని అభిమానులు చెబుతారు. మరొక విశేషమున్నది. ఓరియో క్రీములో చాలాకాలం పందికొవ్వు కలిసేది. అందుచేత ఆహార నియమాలు పాటించే యూదుల ఇండ్లలోకి దానికి ప్రవేశం లేదు. అక్కడ హైడ్రాక్స్‌దే పీట. 1990వ దశకంలో ఓరియో ఆ కొవ్వును విడిచి, 1997లో యూదుల ఆహార నియమాలకు తగినదన్న ధ్రువీకరణ పొందినది. హైడ్రాక్స్‌కు మిగిలిన ఆ ఒక్క నెలవూ జారిపోయినది. 1996లో దానిని కొన్న కీబ్లర్ సంస్థ 1999లో ఆ పేరునే తీసివేసినది. అభిమానుల విన్నపాలపై 2008లో, నూరేండ్ల పండుగ సందర్భాన, కొద్దికాలం కనిపించి మరుగైనది. 2015లో లీఫ్ బ్రాండ్స్ అనే చిన్న సంస్థ దానికి మరల ప్రాణం పోసినది.

2011లో మన దేశపు అంగళ్లకు వచ్చినది ఓరియోయే. హైడ్రాక్స్ పేరు విన్నవారు మనలో అరుదు.

రుచికి తీర్పరి నాలుక అని మన నమ్మకం. కాని నాలుక రుచి చూచులోపలనే కన్ను పొట్లంమీది పేరు చదివివేస్తుంది. కనుక నిజమైన పరీక్ష కోరేవారు రెండింటినీ పేర్లు లేని పళ్లెములలో పెట్టించుకొని, ముందు బిళ్లను, పిదప క్రీమును, ఆపైన రెండింటినీ కలిపి రుచి చూడవలెను. తీర్పు ఎటు పోయినా అది నాలుక తీర్పు అవుతుంది.

ముందు వచ్చిన చెవులకన్న వెనుక వచ్చిన కొమ్ములు వాడి అన్నారు పెద్దలు. కొమ్ములు వాడివే కావచ్చును. కాని ముందు వచ్చినవి చెవులే. ఆ మాట మరువకుండ చెప్పుటయే చరిత్ర పని.