మగకూలి, ఆడకూలి: చట్టం గట్టు మీదే ఆగిపోయింది

సమాన వేతనం అనగానే మన సెమినార్లలో 1975 అక్టోబరు 24 నాటి ఐస్‌లాండ్ సమ్మె గురించి చెబుతారు. ఆ దేశపు ఆడవాళ్లలో నూటికి తొంభైమంది ఆరోజు ఆఫీసు పనీ, ఇంటిపనీ మానేశారు. సరే. దానికి నెల ముందే, సెప్టెంబరు 26న, ఇందిరాగాంధీ ప్రభుత్వం ఇక్కడ సమాన వేతన ఆర్డినెన్సు తెచ్చింది. అదీ ఎమర్జెన్సీలో, నోరెత్తితే జైలు అన్న రోజుల్లో! 1976లో అది చట్టమైంది.

మరి అరసవల్లి చుట్టుపక్కల మడుల్లో ఉభాలకు దిగే మన వాడల ఆడవాళ్లకు ఏం దక్కింది?

చట్టం ‘ఒకే పని, లేదా అదే తరహా పని’ అంది. పొలంలో పని ఒకటైతే కదా! దున్నడం, దమ్ము పట్టడం, గట్లు చెక్కడం మగపని. ఆకుతీత, ఉభాలు, కలుపు ఆడపని. పొద్దస్తమానం బురదనీళ్లలో నడుము వంచి, వెనక్కి అడుగులేస్తూ నాటడం ‘తేలిక పని’ అట. అలా తేల్చింది ఎన్నడూ నడుము వంచనివాడు. పనులే వేరన్నాక ఇక పోల్చేదేముంది?

భూమి ఉంటే బేరమాడొచ్చు. 1986లో ఆంధ్రప్రదేశ్ హిందూ వారసత్వ చట్టాన్ని సవరించి, దేశానికి దాదాపు ఇరవై ఏళ్ల ముందే, ఆడపిల్లలకు ఉమ్మడి ఆస్తిలో సమాన వాటా ఇచ్చింది. గొప్ప సవరణే. సెంటు భూమి లేని ఇంట్లో కూతురికి ఏం వాటా వస్తుంది?

మనవాళ్లూ మరిచిపోయే తేదీ ఒకటుంది. 1944 ఫిబ్రవరిలో కేంద్ర శాసనసభలో, కార్మిక శాఖ సభ్యుడిగా అంబేడ్కర్, బొగ్గుగనుల్లో ఆడవాళ్లకూ మగవాళ్లతో సమానంగా కూలి ఇస్తున్నామనీ, ఒక పరిశ్రమలో ఈ సూత్రం అమలు కావడం ఇదే మొదటిసారి అనుకుంటున్నాననీ చెప్పారు. యుద్ధకాలంలో ఆడవాళ్లను గనుల్లోకి దింపడాన్ని సమర్థిస్తూ అన్న మాట అది. ఆ ఇబ్బందిని దాచి జయంతి సభల్లో వాడుకోవడం నాకు నచ్చదు. ఆ సూత్రమే రాజ్యాంగం 39(డి)లో ఉంది, కోర్టుకెళ్లి అడగలేని ఆదేశిక సూత్రంగా.

మన పల్లెల్లో దాన్ని నేలమీదికి తెచ్చింది కొలత టేపు. ఉపాధి హామీ 2006లో మొదటి విడతగా విజయనగరానికి, మరుసటి ఏడాది శ్రీకాకుళానికి వచ్చింది. తవ్విన మట్టిని ఘనపు మీటర్లలో కొలిచారు. తవ్వింది ఎవరైనా రేటు ఒకటే. కొలత అందకపోతే కూలి తగ్గుతుంది, అది వేరే అన్యాయం. అయినా రాష్ట్రంలో ఆ పనిదినాల్లో సగానికి పైగా ఆడవాళ్లవే అయ్యాయి.

అప్పుడే ‘కూలీలు దొరకడం లేదు, నాట్ల రోజుల్లో ఉపాధి పనులు ఆపండి’ అన్న గోల మొదలైంది. దొరకకపోవడమేమిటి? ఇచ్చినంతకే వచ్చేవాళ్లు ఎంతిస్తావని అడగడం మొదలుపెట్టారు.

వచ్చే భాగంలో పొదుపు సంఘాలు, అప్పులు. 2000లో వెలుగు పథకం మొదలైన ఆరు జిల్లాల్లో మన రెండూ ఉన్నాయి.