గోదాట్లో కలిపిన రికార్డు

2020 డిసెంబరు మొదటివారంలో ఏలూరులో జనం ఉన్నట్టుండి మూర్ఛొచ్చి పడిపోయారు. కొద్దిరోజుల్లోనే అయిదొందల మందికి పైగా ఆసుపత్రికి చేరారు. చాలామంది త్వరగానే తేరుకుని ఇళ్ళకెళ్ళారు. ఎయిమ్స్ పరీక్షల్లో రక్తంలో సీసం, నికెల్ కనబడ్డాయి. తర్వాత అనుమానం పురుగుమందుల మీదకి మళ్ళింది.

వెయ్యేళ్ళ తర్వాత ఎవరైనా ఇక్కడ తవ్వితే ఆ వారం వాళ్ళకి కనబడుతుందా? కనబడదనే నా లెక్క. ఎముకది నిదానం. రెండ్రోజుల మూర్ఛని రాసుకోదు, ఏళ్ళ తరబడి తాగిన నీళ్ళని రాసుకుంటుంది. సీసమే తీసుకోండి. రక్తంలో నెల తిరిగేసరికి సగానికి తగ్గిపోతుంది. కాల్షియం వేషంలో ఎముకలోకి దూరిందంటే మాత్రం పదేళ్ళైనా కదలదు. రాజస్థాన్‌లోని బాలాథల్‌లో నాలుగు వేల ఏళ్ళ నాటి అస్థిపంజరం మీద కుష్ఠు ఆనవాళ్ళు దొరికాయంటే, అది ఏళ్ళపాటు నమిలే రోగం కాబట్టే.

మన దగ్గర ఇలాంటి చదువు బతికున్నవాళ్ళతోనే మొదలైంది. 1930ల్లో అప్పటి నెల్లూరు జిల్లాలో ఎడ్లు బిగుసుకుపోయి అడుగు వెయ్యలేకపోవడాన్ని రైతులే ముందు పసిగట్టారంటారు. 1937లో షార్ట్, ఆయన తోటి డాక్టర్లు మద్రాసు ప్రెసిడెన్సీ ఫ్లోరోసిస్ గురించి ప్రచురించారు. వంగని వెన్నుపూసలు, మచ్చలు పడ్డ పళ్ళు. తప్పంతా నీళ్ళది.

పళ్ళ సంగతి ఇంకా చిత్రం. చిన్నప్పుడు తిండిలేకో పెద్ద జ్వరమొచ్చో ఎదుగుదల ఆగితే ఎనామిల్ మీద అడ్డగీత పడుతుంది. ఎముక తనని తాను మళ్ళీ కట్టుకుంటుంది గానీ ఎనామిల్‌కి ఆ వీలు లేదు. 1832-33 నందన కరువులో బతికి బట్టకట్టిన పసివాళ్ళ పళ్ళమీద ఆ గీత ఉండే ఉంటుంది. గమనించండి, బతికినవాళ్ళకే. చచ్చిపోయిన పిల్లల పళ్ళు నున్నగా ఉండొచ్చు. 1992లో జేమ్స్ వుడ్ బృందం పెద్ద చర్చ లేపింది దీనిమీదే: మచ్చలున్న ఎముక రోగాన్ని తట్టుకున్న మనిషిది కావచ్చు, నున్నటి ఎముక మొదటి దెబ్బకే పోయిన మనిషిది కావచ్చు. కొల్లేటి ముంపు ఊళ్ళ సంగతే ఊహించండి. కలరా ఒక్కపూటలో మనిషిని తీసుకుపోయేది. ఎముకకి కబురైనా అందదు.

పైగా మనవైపు చాలామందిని కాలుస్తాం. తాడేపల్లిగూడెం చుట్టుపక్కల వాళ్ళు అస్థికలు పట్టుకుని కొవ్వూరు వెళ్ళి గోదాట్లో కలుపుతారు. మట్టిలో మిగిలేది ముస్లింలు, క్రైస్తవులు, పూడ్చే ఆచారం ఉన్న కులాలవాళ్ళు. ఏ కులమైనా సరే, పసిపిల్లలు. రేపు తవ్వినవాళ్ళు ఈ పళ్ళు చూసి 'అప్పటి డెల్టా జనం' అని రాసుకుంటే అందులో కామందు నోరు ఉండదు. ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయ్యి, కాలవలొచ్చి, వరి పండింది కదా. ఆ అన్నం కామందు పిల్లాడికెంత అందింది, పాలేరు పిల్లాడికెంత అందింది అని పక్కపక్కన పెట్టి చూడ్డానికి ఒకడి పళ్ళే దొరుకుతాయి.