అధిక వేగ ప్రవాహాల్లో సరిహద్దు పొర: గణిత సాధనల చరిత్ర

స్నిగ్ధత లేని ఆదర్శ ప్రవాహి సమీకరణాలు మీకు పరిచయమే. వాటి ప్రకారం స్థిరవేగంతో కదిలే వస్తువుకు ప్రవాహి నిరోధం సున్నా కావాలని 18వ శతాబ్దంలో దలాంబేర్ చూపారు. ఎదురుగాలిలో సైకిలు తొక్కిన వారెవరూ దీన్ని ఒప్పుకోరు. మరి లోపం ఎక్కడుంది?

1904లో హైడెల్‌బర్గ్‌లో జరిగిన అంతర్జాతీయ గణితశాస్త్రజ్ఞుల మహాసభలో లుడ్విగ్ ప్రాంట్ల్ దీనికి సమాధానం సూచించారు. స్నిగ్ధత ఎంత తక్కువైనా, ఉపరితలాన్ని తాకే ప్రవాహి దానికి అంటుకొని ఉంటుంది. అక్కడి నుంచి కొద్ది ఎత్తులోనే అది పూర్తి వేగాన్ని అందుకుంటుంది. ఈ పలుచని ప్రాంతమే సరిహద్దు పొర. ఉపరితల ఘర్షణ పుట్టేది ఇక్కడే.

బ్లాసియస్ సాధన

ప్రాంట్ల్ శిష్యుడు బ్లాసియస్ 1908లో చదునైన పలక మీది ప్రవాహానికి ఈ సమీకరణాలను సాధించారు. పలక వెంబడి దూరం, పలక నుంచి ఎత్తు అనే రెండు చలరాశులు ఇందులో ఉన్నాయి. ఎత్తును దూరపు వర్గమూలంతో భాగించి ఆయన ఒకే చలరాశిని తయారుచేశారు. దానితో పాక్షిక అవకలన సమీకరణం సాధారణ అవకలన సమీకరణంగా మారింది. పలక అంచు నుంచి దూరం నాలుగు రెట్లయితే పొర మందం రెండు రెట్లవుతుందని కూడా దీనివల్ల తెలిసింది.

వేగం పెరిగితే వచ్చే చిక్కు

బ్లాసియస్ సాంద్రతను స్థిరంగా తీసుకున్నారు. ధ్వనిని మించిన వేగాల్లో ఇది చెల్లదు. పొరలో గాలి మందగించినప్పుడు దాని గతిజశక్తి ఉష్ణంగా మారుతుంది. 217 కెల్విన్ల గాలి మాక్ 2 వేగం నుంచి ఉష్ణనష్టం లేకుండా నిశ్చలస్థితికి వస్తే సుమారు 390 కెల్విన్లకు, మాక్ 3 నుంచి అయితే సుమారు 607 కెల్విన్లకు వేడెక్కుతుంది. రెక్కకు వాడే లోహం ఈ వేడికి తట్టుకోవాలి. గణితపరంగా మరో ఇబ్బంది ఉంది. ఉష్ణోగ్రత మారితే సాంద్రత, స్నిగ్ధత మారతాయి. అవి మారితే వేగం మారుతుంది. కాబట్టి ద్రవ్యవేగ, శక్తి సమీకరణాలను విడివిడిగా సాధించలేం.

రెండు కీలక మార్గాలు

మొదటి మార్గాన్ని 1931లో బుసెమాన్, 1932లో క్రోకో చూపారు. పొరలో ద్రవ్యవేగం, ఉష్ణం ఒకే తీరున వ్యాపిస్తాయని, అంటే ప్రాంట్ల్ సంఖ్య 1 అని అనుకుందాం. అప్పుడు చదునైన పలక మీద ఉష్ణోగ్రత కేవలం వేగం మీద ఆధారపడుతుంది. వేగం తెలిస్తే ఉష్ణోగ్రత తెలిసినట్లే. 1938లో ఫాన్ కార్మాన్, శిష్యుడు చియెన్‌తో కలిసి, సంపీడ్య ప్రవాహాల్లోని సరిహద్దు పొర మీద పరిశోధన పత్రం ప్రచురించారు.

రెండో మార్గం 1942లో సోవియట్ శాస్త్రజ్ఞుడు డొరొద్నిత్సిన్, 1948లో బ్రిటన్‌లో హోవార్త్ చూపినది. బియ్యాన్నీ బొరుగులనూ మానికతో కాక తూకంతో పోల్చినట్లు, వారు ఎత్తును సాంద్రతతో తూచి కొలిచారు. పొరకు అడ్డంగా పీడనం మారదు కనుక సాంద్రత ఉష్ణోగ్రతకు విలోమానుపాతంలో ఉంటుంది. స్నిగ్ధత ఉష్ణోగ్రతకు అనులోమానుపాతంలో ఉందనుకుంటే, ఈ రెండింటి లబ్ధం స్థిరాంకం. అప్పుడు చదునైన పలక మీద ద్రవ్యవేగ సమీకరణం అచ్చంగా బ్లాసియస్ సమీకరణమే అవుతుంది! 1949లో ఇల్లింగ్‌వర్త్, స్టీవర్ట్‌సన్ ఈ పద్ధతిని పీడనం మారే ప్రవాహాలకు విస్తరించారు.

ప్రయోగం వైపు

ఈ అంచనాలు ఎంతవరకు నిజమో కొలిచి చూడాలి. కాల్టెక్‌లో లీప్‌మాన్ వద్ద పరిశోధించి 1951లో డాక్టరేటు పొందిన సతీష్ ధావన్, పలకలో ఒక చిన్న ముక్కను విడిగా కదిలేలా అమర్చి, దాని మీది ఘర్షణ బలాన్ని నేరుగా కొలిచారు. ధ్వనిని మించిన వేగాల్లోనూ ఈ కొలతలు తీశారు. తరవాత ఇస్రోకు నాయకత్వం వహించిన ఆయన పేరే నేడు శ్రీహరికోట అంతరిక్ష కేంద్రానికి ఉంది.

ఈ చరిత్రలో మీరు ముఖ్యంగా గమనించవలసింది ఒకటుంది. కొత్త సమస్యను తగిన చలరాశులతో పాత సమస్యగా మార్చడమే ఇక్కడి విజయం. అయితే ప్రతి మార్పు వెనుకా ఒక ఊహనం ఉంది. గాలి ప్రాంట్ల్ సంఖ్య నిజానికి 1 కాదు, సుమారు 0.7. అందువల్ల ఉష్ణం చొరబడని పలక ఉష్ణోగ్రత పైన చెప్పిన విలువల కంటే కొంత తక్కువగా ఉంటుంది. సాధనతోపాటు దాని ఊహనాలను కూడా రాయడం అలవాటు చేసుకోండి.

మీ ప్రగతిని సరిచూసుకోండి: సాంద్రత, స్నిగ్ధతల లబ్ధం స్థిరాంకం కాకపోతే, హోవార్త్ మార్గంలో ఏ మెట్టు దగ్గర చిక్కు వస్తుంది?