పొగ పోయే దారి

మా సబ్బవరంలో ఇంట్లోకి కుంపటి వచ్చిందంటే ఆ ఇంట్లో బాలింత ఉన్నట్టే. సముద్రపు గాలి తగిలే ఊరు, పుష్యమాసం కూడా ఒక దుప్పటితో గడిచిపోతుంది. పురిటి గదికి మాత్రం వెచ్చదనం కావాలి. మా నాయనమ్మ మట్టి కుంపటిలో సరుగుడు బొగ్గులు పేర్చి, పిడక ముక్కతో అంటించి, వీధరుగు మీద పెట్టి తాటాకు విసనకర్రతో విసిరేది. పొగ పోవాలి, నీలిమంట ఆడి తగ్గాలి, బొగ్గు మీద తెల్లటి బూడిద పొర కట్టాలి. అప్పటిదాకా కుంపటి గుమ్మం దాటేది కాదు. నులకమంచం కింద దాన్ని సర్ది బయటికి వస్తూ, "తలుపు ముయ్యకే, వారగా ఎట్టు" అనేది. బొగ్గు మీద ఆడే ఆ నీలిమంట కార్బన్ మోనాక్సైడ్ కాలుతున్న మంట అని చాలా ఏళ్ల తర్వాత చదివాను. ఆ పేరు నాయనమ్మ వినలేదు. తలుపు వారగా ఉండాలని మాత్రం ఆమెకు తెలుసు.

చిన్న గదిని వెచ్చబెట్టుకోవడానికి మనిషి ఏమేం కాల్చాడన్నది అందరూ చెప్పుకునే కథ. కాల్చినదాని ఊపిరి బయటికి ఎటు పోయిందన్నది అంతకంటే పెద్ద కథ అని నా నమ్మకం. వెనక్కి తిరిగి చూస్తే ఆ దారి ఉన్నచోట మనిషి బతికాడు, మూసుకున్నచోట నిద్రలోనే పోయాడు.

మనకు దగ్గర్లో అసలైన చలి చింతపల్లి కొండల మీద ఉంది. సుమారు వెయ్యి మీటర్ల ఎత్తున ఉన్న లంబసింగిలో డిసెంబరు, జనవరి రాత్రుల్లో ఉష్ణోగ్రత సున్నా దాపుకి దిగిన ఏళ్లున్నాయి. కట్టెలా బిగుసుకుపోతారన్న అర్థంలో ఆ ఊరికి కొర్రబయలు అని ఇంకో పేరు. ఆ కొండల్లోని పాత గడ్డి ఇళ్లలో పొయ్యి ఇంటి లోపలే. రాత్రి దాని చుట్టూ పడుకునేవారు. చిమ్నీ లేదు, కిటికీ లేదు. పొగ పైకి లేచి, అటక మీది మొక్కజొన్న కంకుల్ని ఆరబెట్టి, గడ్డిలోకి పురుగు చేరకుండా చూసి, కప్పు పొడవునా సన్నగా బయటికి పోయేది. తెల్లవారుజామున దూరం నుంచి చూస్తే ఇల్లే ఊపిరి తీస్తున్నట్టు ఉండేది. ఆ పొగతో కళ్లు మండేవి, దగ్గు పట్టేది, అదీ నిజమే. అయినా ఇంటికి ఊపిరాడేది.

కింద మైదానంలో మా చలిమంట అనకాపల్లి బెల్లపు గానుగే. చెరకు పిప్పి ఎగదోస్తుంటే పెనం కింద మంట బుసలు కొట్టేది, పైన పాకం ఉడుకుతుంటే పిల్లలమంతా చుట్టూ చేరి వీపులు కాచుకునేవాళ్లం. నాలుగు పక్కలా తెరిచిన పాకలో కాలిన నిప్పు అది, ఎవరికీ ఏ హానీ జరగలేదు.

గట్టి గోడలున్న చోట కథ వేరు. 4వ శతాబ్దంలో, ఇంకా రోమన్ చక్రవర్తి కాకముందు, జూలియన్ ఒక చలికాలం నేటి పారిస్‌లో ఉన్నాడు. గదిలో నిప్పు వద్దని మొండికేసినవాడు చలికి తట్టుకోలేక చివరికి బొగ్గుల కుంపటి తెప్పించాడు. తల దిమ్మెక్కి నిద్రలోకి జారాడు. మనుషులు బయటికి మోసుకెళ్లి, వైద్యులు వాంతి చేయిస్తే బతికాడు. తన అనుభవాన్ని తనే రాసుకున్నాడు, తప్పు మాత్రం గోడల తేమ మీద వేశాడు. అసలు కారణం బయటపడటానికి ఇంకా పదిహేను వందల ఏళ్లు పట్టింది. రక్తంలో ఆక్సిజన్ కూర్చోవాల్సిన చోట కార్బన్ మోనాక్సైడ్ కూర్చుంటుందని 1857లో క్లాడ్ బెర్నార్డ్ వివరించాడు. ఆక్సిజన్ కంటే రెండు వందల రెట్లకు పైగా బలంగా అది హిమోగ్లోబిన్‌ని పట్టుకుంటుంది. రంగు లేదు, వాసన లేదు. వైద్యలోకానికి ఇంత తెలిశాక కూడా 1902లో, అదే పారిస్‌లో, పొగగొట్టం మూసుకుపోయిన పడకగదిలో నవలాకారుడు ఎమిల్ జోలా చనిపోయాడు.

మన దగ్గర నిప్పు రూపం త్వరత్వరగా మారింది. పంపు స్టవ్వు వచ్చింది, వత్తుల స్టవ్వు వచ్చింది. 1955లో మాచ్‌ఖండ్ జలవిద్యుత్తు మొదలై ఉత్తరాంధ్రకి కరెంటు తెచ్చింది. 1999లో దీపం పథకంతో గ్యాసు బండ పేదల ఇళ్లకీ చేరింది. 1906లో ఆల్బర్ట్ మార్ష్ పేటెంటు పొందిన నైక్రోమ్ తీగ ఎర్రగా కాలే హీటరు రూపంలో మన బజారుకీ వచ్చింది. కానీ నాకు అన్నిటికంటే పెద్దగా తోచే మార్పు ఇంటికప్పుది. తాటాకు పోయి పెంకు, పెంకు పోయి స్లాబు. కిటికీ తలుపుల సందులు పోయి అల్యూమినియం స్లైడింగులు. నాయనమ్మ కుంపటిని కాచింది వారగా ఉంచిన తలుపు ఒక్కటే కాదు, పెంకుల మధ్య వందల సందులు కూడా. ఇల్లు మారింది గానీ, చలేస్తే నాలుగు నిప్పులు గదిలో పెట్టుకోవచ్చన్న నమ్మకం మారలేదు. అదే నా భయం.

మూసిన గదిలో నిప్పు పెడితే గాలి ఎటునుంచి రావాలి, పొగ ఎటు పోవాలి అన్న లెక్క బాగా తేల్చుకున్నవాళ్లు మంచు మీద చేపలు పట్టేవాళ్లు. మిన్నెసోటాలో చలికాలం మిల్‌లాక్స్ సరస్సు గడ్డకడితే దాని మీదికి చెక్క గదులు లాక్కెళ్లి, మంచుకి కన్నం పెట్టి, గాలం వేసుకుని కూర్చుంటారు. అక్కడ ఉద్యోగాలు చేసే మన పిల్లలూ సరదాగా వెళ్తుంటారు. మా దూరపు చుట్టాలబ్బాయి ఒకడు అలాంటి గది కొనుక్కుని, ఏ హీటరు పెట్టమంటావు బాబాయ్ అని ఫోన్ చేశాడు. గదిలోనే మండే చిన్న ప్రొపేన్ హీటరు చవక, తేలిక. కానీ కిలో ప్రొపేన్ కాలితే కిలోన్నరకి పైగా నీటి ఆవిరి పుడుతుంది. గోడలు చెమర్చుతాయి, బట్టలు తడుస్తాయి. ఆక్సిజన్ తగ్గితే ఆరిపోయే ఏర్పాటు వాటిలో చాలావాటికి ఉంటుంది, అది మంచిదే. అయితే అది కొలిచేది ఆక్సిజన్‌ని, విషవాయువుని కాదు. గోడకి బిగించి, మంటకి కావలసిన గాలిని బయటినుంచే పీల్చుకుని, పొగని గొట్టంలో బయటికే వదిలే రకం ఖరీదెక్కువ, చోటూ తింటుంది. అయినా అదే కొనమన్నాను. దానితోపాటు కార్బన్ మోనాక్సైడ్ అలారం, కింద ఒకటి, పైన ఒకటి గాలి కన్నాలు. మంచు పేరుకుని ఆ కన్నాలు మూసుకుపోలేదు కదా అని పడుకోబోయే ముందు చేత్తో తడిమి చూడమన్నాను.

మంచు మీది గుడారంలో మనవాళ్లనీ పోగొట్టుకున్నాం. 1990 జనవరిలో అంటార్కిటికాలోని హంబోల్ట్ పర్వతాల్లో భారత యాత్రాబృంద సభ్యులు నలుగురు కార్బన్ మోనాక్సైడ్‌కి బలయ్యారు. చదువుకున్నవాళ్లు, శిక్షణ పొందినవాళ్లు.

అందుకే లంబసింగికి వెళ్లే సబ్బవరం కుర్రాళ్లు కనిపిస్తే ఆపి మరీ చెబుతాను. గదికి కరెంటుంటే నూనె నింపిన రేడియేటరు మేలు, అది గాలిని తినదు. రెండు వేల వాట్లదైతే గంటకి రెండు యూనిట్లు కాలుతుంది, చిన్న ప్లగ్గులో గుచ్చకండి, పదహారు ఆంపియర్లది కావాలి. గుడారంలో అయితే ఏ నిప్పూ వద్దు.

ఒక డిసెంబరులో నేనూ అక్కడ గుడారంలో ఉన్నాను. పక్క గుడారం పిల్లలు క్యాంప్‌ఫైర్ అయ్యాక మిగిలిన నిప్పుల్ని ఇనప గమేళాలోకి ఎత్తి లోపల పెట్టుకుని జిప్పు లాగేశారు. పొగ లేదు కదా అని వాళ్ల ధైర్యం. ఆ చోటు చూసుకునే గిరిజన అవ్వ టార్చితో అటుగా వచ్చింది. జిప్పు సందున ఎర్రటి వెలుగు చూసి, ఎవర్నీ అడక్కుండా తెరిచి, కొంగు చివర్లతో గమేళా పట్టుకుని బయటికి ఈడ్చింది. తడి నేల మీద నిప్పులు చుయ్‌మన్నాయి. పిల్లలు గొణుగుతుంటే తన పాకలోకి వెళ్లి రెండు కంబళ్లు తెచ్చి వాళ్ల మీద పడేసింది. జిప్పు మళ్లీ లాగుతూ జానెడు మేర తెరిచి ఉంచింది.